ఆగనక్కర్లేని ఎర్ర బోర్డు

జూలై 2, సొరంగం తెరిచిన ముప్పై ఒకటో ఏడు

వాన, పొగమంచు. బండ్లు మూడు. బోర్డులు అరవై ఒకటీ నిలబడే ఉన్నాయి. నేనూ నిలబడే ఉన్నాను, మోకాళ్ళ సంగతి ఈ చిట్టాకు అక్కర్లేదు.

పొద్దున్న పన్నెండో మలుపు దగ్గర జారుడు బోర్డు తుడిచాను. మా బోర్డుల్లో బొమ్మే ఉంటుంది, అక్షరం ఉండదు. వచ్చేవాళ్ళది ఏ దేశమో, ఏ భాషో ఎవరికి తెలుసు. మన జనం ఈ బోడికొండ ఘాట్ ఎక్కి ముప్పై ఏళ్ళయింది. మన బండ్లు వాటంతటవే నడుస్తాయి, కొండ కింద సొరంగంలో దూరి పదకొండు నిమిషాల్లో అవతల తేలతాయి. లోపల కూర్చున్నవాళ్ళు ఓ కునుకు తీస్తారు. చేత్తో బండి తోలనిచ్చే రోడ్డు దేశం మొత్తం మీద ఇదొక్కటే మిగిలింది. స్టీరింగు పట్టుకోవాలన్న సరదా కోసం బయటి దేశాల వాళ్ళు సముద్రాలు దాటి వస్తారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆ పిచ్చి వల్లే నాకు ఉద్యోగం.

కొండ కింద గేటు దగ్గర పారినాయుడు ఉంటాడు. బండెక్కే ముందు ప్రతి విదేశీ డ్రైవరుకీ ఎడమ చేతికి పసుపు తాడు కడతాడు. మన దగ్గర ఎడమ పక్కన నడపాలి, వచ్చేవాళ్ళలో చాలామందికి కుడి పక్క అలవాటు. తికమక పడితే చేతికేసి చూసుకుని తాడున్న వైపు ఉండాలి. ఈ ఉపాయం నాయుడిదే. ఆఫీసు వాళ్ళు గేటు దగ్గర చూపించే అరగంట బొమ్మ కంటే ఈ మూరెడు తాడే ఎక్కువ మందిని బతికించింది.

నా స్టేషన్ పైన, ముప్పై ఒకటో మలుపు దగ్గర. ఒకప్పుడు నలుగురం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేను, ఒక రంగుల గది, ఒక మూడు చక్రాల బండి. స్టేషన్ ముందు ఆగమని చెప్పే ఎర్ర బోర్డు ఉంది, ఎనిమిది మూలలది. ఈరోజు మూడు బండ్లూ ఆగాయి. మూడింటికీ టీ ఇచ్చాను.

ఈ చిట్టాలో పెట్టిన ప్రతి గుర్తూ, తీసిన ప్రతి గుర్తూ, ఉంచిన ప్రతి గుర్తూ రాయాలి. పక్కన కారణం గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలితే ఆఫీసు యంత్రం చిట్టాను తిప్పి పంపేస్తుంది. స్టేషన్ ముందు ఎర్ర బోర్డు: ఉంచడమైనది. కారణం: రాళ్ళు పడే అవకాశం.

జూలై 4

ఇరవై మూడో మలుపు దగ్గర రోడ్డు అంచున బీట పడింది. నా అరచెయ్యి అడ్డంగా దూరేంత వెడల్పు. వంగి చూస్తే కింద మట్టి లేదు, వాన నీళ్ళు తొలిచేశాయి. తారు ఒక్కటే అప్పడంలా గాలిలో ఉంది. కొండెక్కే బండికి అక్కడ ఎడమ పక్క లోయ. అంటే, తాడు చెప్పినట్టు బుద్ధిగా ఎడమన నడిపేవాడే చస్తాడు.

ఆఫీసుకు పంపాను. గంటలో జవాబు వచ్చింది. మరమ్మతు యంత్రం సొరంగం పనిలో ఉంది, పది రోజులు పడుతుంది, అంతవరకు తగిన గుర్తులు పెట్టండి. కిందనే ఇంకో మాట: సందర్శకులు తగ్గుతున్నందున, ఈ ఏడు రోడ్డు బాగోలేక ఒక్క ప్రమాదం జరిగినా ఘాట్ శాశ్వతంగా మూసేస్తారు. నన్ను పట్నంలో విశ్రాంతి నివాసానికి పంపుతారు. ఆ నివాసం నేను ఒకసారి చూశాను. గదికొక మంచం, మంచానికొక తెర, తెరకొక గొంతు. బాగున్నారా అని గంటకోసారి అదే అడుగుతుంది.

గేటు మూసెయ్యరా అని నాయుడిని అడిగాను.

"నాకేటి అధికారముందప్పా, ఆఫీసోళ్ళు నొక్కితేనే అది మూతబడతాది. నాను నోటితో సెప్తాను, ఇరవై మూడో మలుపు కాడ కొండోరకి ఎల్లండని. అంతకన్నా ఏటి సెయ్యగలను?"

చెప్పమన్నాను. నేను వెళ్ళి మలుపుకు ముందు ఆగమనే ఎర్ర బోర్డు పెట్టాను, దాని పక్కన కుడికి, కొండ వైపుకు వెళ్ళమని బాణం. కారణం: అంచు కింద మట్టి లేదు. ఈసారి కారణం రాయడానికి చెయ్యి తడుముకోలేదు.

జూలై 5

నిన్న బోర్డు పెట్టాక ఎక్కిన బండ్లు నాలుగు. ఈరోజు పొద్దున్నే ఇరవై మూడుకు వెళ్ళి బురదలో టైరు గుర్తులు చూశాను. మా అయ్య లారీ డ్రైవరు. ఆయన నేర్పిన చదువు ఇది: ఆగిన బండి గుర్తు వేరు, ఆగని బండి గుర్తు వేరు. నాలుగింటిలో ఒక్కటీ ఆగలేదు, కొండ వైపుకూ తిరగలేదు. ఒకటైతే బీటకు జానెడు దూరంలో పోయింది.

నాయుడికి ఫోన్ చేశాను. "నువ్వు చెప్పావా అసలు?"

"సెప్పకేటి? సెప్తే నవ్వుతున్నారప్పా. ఎర్ర బోర్డు గురించి మాకు తెలుసు, పుస్తకంలో సదివీసినాం అంతన్నారు."

ఏం పుస్తకమో అర్థం కాలేదు. పదిన్నరకు అయిమో వచ్చినప్పుడు తెలిసింది.

అయిమోది ఫిన్లాండు. డెబ్బై నాలుగేళ్ళు. వాళ్ళ దేశంలో రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడట, ఆ బండ్లు తమంతట తామే తోసుకోవడం మొదలుపెట్టాక ఇంటికి పంపేశారు. నెల రోజులకు కింద గది తీసుకుని, రోజూ ఘాట్ ఎక్కి నా దగ్గర టీ తాగి దిగిపోతాడు. నాయుడు నన్ను అప్పా అంటాడు, మా వైపు అక్కను అలాగే పిలుస్తారు, కాబట్టి అదే నా పేరనుకుని ఈయనా అప్పా అంటాడు. నాకంటే పదహారేళ్ళు పెద్ద. దిద్దలేదు. తవుడమ్మా అని పిలిచేవాళ్ళే లేనప్పుడు ఏ పేరైతేనేం.

మేము మాట్లాడుకునేది చెవిబిళ్ళల్లో. ఆయన వాళ్ళ భాషలో అన్నది నా చెవిలో తెలుగై పడుతుంది. ఆ యంత్రం తెలుగు వింటే మా ఊరి హరిదాసు గుర్తొస్తాడు. "తేనీరు మిక్కిలి రుచికరముగా నున్నది అప్పా" అంటుంది.

ఏ పుస్తకమని అడిగాను. ఆయన జేబులోంచి పలక తీసి చూపించాడు. చేతి డ్రైవర్లంతా కలిసి రాసుకునే దారి పుస్తకం. బోడికొండ ఘాట్ కింద ఎవరో రాశారు, పదిమంది అవునని ముద్రలేశారు. చెవిబిళ్ళ చదివింది:

"ఈ మార్గమున ఎర్రని ఎనిమిది మూలల ఫలకము కనబడిన భయపడవలదు. అచ్చట అపాయమేమియు లేదు. పైన ఒక ఒంటరి స్త్రీ కలదు. ఆమెకు మనుష్యులతో మాటలాడుట ఇష్టము. సమయమున్నచో ఆగుడు. లేనిచో చేయి ఊపి సాగిపొండు."

టీ గ్లాసు కింద పెట్టేశాను. మొదట కోపం వచ్చింది. ఎవరు రాశారో వాళ్ళ నోట్లో మన్నుపడ అనుకున్నాను. ఆ తర్వాత సిగ్గు వచ్చింది. అది ఇంకా పోలేదు. ఆ సిగ్గుతోనే ఇరవై మూడో మలుపు సంగతి ఆయన దగ్గర ఎత్తలేదు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పోయినేడు ఆగస్టులో స్టేషన్ ముందు నిజంగానే చరియ జారింది. యంత్రం వచ్చి తీసే మూడు రోజులూ ఎర్ర బోర్డు పెట్టాను. బండ్లు ఆగాయి. ఆగినవాళ్ళు ఊరికే కూర్చోరు కదా, నా వరండాలో టీలు తాగారు, పిల్లల బొమ్మలు చూపించారు, ఒకావిడ నా జడ వేసింది. నాలుగో రోజు దారి శుభ్రమైంది. బోర్డు తీయలేదు. రేపు తీస్తానులే అనుకున్నాను. పదకొండు నెలలుగా కారణం గడిలో రాళ్ళు పడే అవకాశం అని రాస్తూనే ఉన్నాను. ఒక్క రాయి పడలేదు.

ఎర్ర బోర్డు అంటే ఆగక్కర్లేదని దేశదేశాల వాళ్ళకు నేర్పింది నేనే.

అయిమో వెళ్ళాక స్పానరు పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్ళాను. ఒక నట్టు సగం తిప్పాను. కింద మలుపులో ఏదో బండి చప్పుడైతే మళ్ళీ బిగించేశాను. వచ్చింది ఎవరో ఇద్దరు. ఆగారు. టీ ఇచ్చాను.

జూలై 6

పొద్దున్నే కొడవలి తీసుకుని నేరేడు కొమ్మలు కొట్టాను. బోర్డును నమ్మనివాడు అడ్డమున్న కొమ్మనైనా చూసి తప్పుకుంటాడు.

ఇది మా అయ్య పద్ధతి. లారీ ఆగిపోతే ముప్పై అంగల వెనక పచ్చి కొమ్మ ఒకటి రోడ్డు మీద పడేసేవాడు, దాని ముందు వరసగా రాళ్ళు. అంటే, ముందు ఎవడో ఆగిపోయి ఉన్నాడు, మెల్లగా రా అని. చదువు లేని క్లీనరుకీ ఆ ముక్క తెలిసేది. లారీ బాగయ్యాక కొమ్మా రాళ్ళూ తీసి గట్టు మీద పెట్టనిదే స్టీరింగు ముట్టేవాడు కాదు. "బోర్డు ఎవుడైనా రాస్తాడు. కొమ్మ ఆగినోడే ఏస్తాడు. అది అబద్దమాడకూడదే" అనేవాడు. ఆయన కూతుర్ని నేను.

అయిమో టీ తాగి వెళ్ళాక, మలుపుకు ముందు ఎడమ పక్క అంతా మూసుకునేలా మూడు కొమ్మలు, తొమ్మిది రాళ్ళు. బండి ఏదైనా కొండ వైపు నుంచి పోక తప్పదు. సాయంత్రం టైరు గుర్తులన్నీ కొండ వైపే ఉన్నాయి. రెండు రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

జూలై 7

పొద్దున్న పదకొండుకు వెళ్ళి చూస్తే కొమ్మలు లేవు. రాళ్ళు లేవు. కొమ్మలు గట్టు మీద ఒకదాని పక్కన ఒకటి, మొదళ్ళన్నీ ఒకే వైపు. రాళ్ళు మూడు వరసల్లో. రోడ్డు చీపురు పెట్టి ఊడ్చినంత శుభ్రం.

మళ్ళీ వేశాను. నాయుడికి చెబితే, "కోతులప్పా, ఈ కొండ మీద కోతులు మా సెడ్డవి" అన్నాడు.

కోతులు కొమ్మలు పీకుతాయి, విసురుతాయి. మొదళ్ళు ఒకే వైపు పెట్టి పేర్చవు.

జూలై 8

మళ్ళీ అదే. ఈరోజు రాళ్ళ పక్కన చిన్న అడవి పువ్వు కూడా పెట్టి ఉంది. ఎవరో వేళాకోళం చేస్తున్నారనిపించింది. మళ్ళీ వేసి వచ్చాను.

రేపు పొద్దున్న గేటు తెరిచే వేళకే వెళ్ళి ఇరవై మూడు దగ్గర కూర్చుంటాను. యంత్రం వచ్చేదాకా రోజూ అక్కడే. గొడుగు, రొట్టెలు, ఫ్లాస్కు సర్ది పెట్టాను. అక్కడుంటే ఈ తీసేవాడెవడో కూడా దొరుకుతాడు.

జూలై 9

వెళ్ళలేదు.

ఉన్నదున్నట్టు రాస్తాను. గొడుగు చేత్తో పట్టుకుని గుమ్మం దాటాను. అయిమో పదిన్నరకు వస్తాడు. నేను అక్కడుంటే ఆయన మలుపులో ఆగడు, ఆగడానికి చోటు లేదు, చెయ్యూపి పైకి పోతాడు. పైన ఖాళీ స్టేషన్ చూసి దిగిపోతాడు. రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడు. ఆయన వెళ్ళాక పోదాంలే, గంటలో ఏం ములిగిపోతుందిలే అనుకున్నాను. నీళ్ళు మరగబెట్టాను.

పదిన్నరకు వచ్చాడు. చేతులకు మట్టి. నవ్వుతున్నాడు. అరచేతులు చూపించాడు.

"నేడు కూడ నీ మార్గమును శుభ్రపరచితిని అప్పా. మూడు దినములుగ చేయుచున్నాను. నీవు ఒంటరివి, అరువది ఫలకములు. మా దేశమున మార్గముపై కొమ్మ పడిన, మొదట చూచినవాడు తీయవలెను. వెనుక వచ్చువాని కొరకు."

నా ముఖం చూసి ఆయన నవ్వు కొద్దికొద్దిగా ఆగిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది, నాయుడు.

"అప్పా, కొరియావోళ్ళు ఇద్దరు, తల్లీ కూతురు. బయల్దేరి ఇరవై నిమిసాలైంది. పుస్తకం సదివీసినామని ఆలూ నవ్వినారు. నువ్వు ఇరవై మూడు కాడున్నావు కదా?"

ఫోన్ పెట్టేసి అయిమో బండి తలుపు లాగాను. చెవిబిళ్ళతో ఏం చెప్పానో, అది ఏం చెప్పిందో తెలియదు, ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. ఎనిమిది మలుపులు. మంచు మీద నలభై ఏళ్ళు నడిపిన చెయ్యి అది, ఎక్కడా తొట్రుపడలేదు. నేనే దారి పొడుగునా అమ్మా తల్లీ అనుకుంటూ కూర్చున్నాను.

మేము వెళ్ళేసరికి బండి ముందు ఎడమ చక్రం గాలిలో ఉంది. కింద తారు లేదు. కూతురు, ముప్పై ఏళ్ళుంటాయి, బయటపడి బండి వెనక బంపరు పట్టుకుని వేలాడుతోంది, తన బరువుతో ఆపుదామని. ఎడమ సీట్లో, లోయ వైపు, వాళ్ళమ్మ. తెల్లటి జుట్టు. నుదుటి మీద నెత్తురు. ఆవిడ తన తలుపు గడియ మీద చెయ్యి వేసింది. ఆ తలుపు తీస్తే అడుగు పెట్టేది గాలిలోనే.

చెవిబిళ్ళ ఆ మలుపులో పనిచేయదు. నేను తెలుగులో అరిస్తే ఆవిడకేం తెలుస్తుంది. బండి ముందుకు వెళ్ళి, ఆవిడకు కనబడేలా నిలబడి అరచెయ్యి ఎత్తాను. ఆగు.

ఆవిడ నన్ను చూసింది. ఎర్ర బోర్డును చూసి నవ్వుకుంటూ వచ్చినావిడ, నా చేతిని చూసి ఆగింది. గడియ మీంచి చెయ్యి తీసేసింది.

అయిమో తన బండి ముక్కుకు తాడు కట్టి, రెండో కొస ఆ బండి కొక్కానికి తగిలించి, వెనక్కి లాగిపెట్టి పట్టుకున్నాడు. నేను ఎత్తిన చెయ్యి దించకుండా, రెండో చేత్తో ఇటు రమ్మని పిలిచాను, కొంచెం, ఇంకొంచెం. ఆవిడ డ్రైవరు సీట్లోకి జరగడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. కూతురు చంకల కింద చేతులు వేసి బయటికి లాగింది. వాళ్ళిద్దరూ కొండ గోడకు ఆనుకోగానే అంచు ఊడింది. తాడు పుటుక్కున తెగింది. బండి వెళ్ళిపోయింది. చప్పుడు చాలాసేపటికి వచ్చింది.

ఆవిడ కిందనే కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. వదలలేదు. ఆస్పత్రి బండి వచ్చేదాకా పట్టుకునే ఉంది. ఇంతసేపు నా చెయ్యి ఎవరైనా పట్టుకుని ఎన్నేళ్ళయిందో. అలాంటప్పుడు కూడా నాకు ఆ లెక్క గుర్తొచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

జూలై 10

ఆవిడ నుదుటికి ఆరు కుట్లు. మణికట్టు విరిగింది. ప్రాణానికి భయం లేదని నాయుడు చెప్పాడు.

ఆఫీసు నుంచి ప్రమాద పత్రం వచ్చింది. కారణం గడి ఈసారి పేజీ అంత ఉంది.

నాయుడు పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. "కోతులు తీసీసినాయని రాసీయప్పా. ఎవుడొచ్చి కోతుల్ని అడుగుతాడు?"

"ఎలా రాస్తాన్రా."

"పోనీ ఆ ముసిలాయన తీసీసినాడని రాయి. అది నిజమే కదా. ఆయన నెలాకరికి ఎలిపోయేవోడు. నువ్వు ఈడ బతకాల్సినదానివి."

అది నిజమే, అదే కష్టం. ఆయన తీశాడని రాస్తే సంతకం చెయ్యడానికి ఆయనే సిద్ధంగా ఉన్నాడు. మధ్యాహ్నం వచ్చి వరండాలో కూర్చున్నాడు. టీ ముట్టలేదు. మంచు తోసిన పెద్ద చేతులు ఒళ్ళో పెట్టుకుని, "దోషము నాది అప్పా, నేను అడుగవలసియుండెను" అన్నాడు. ఇంకో రోజైతే ఆ యంత్రం తెలుగుకు నవ్వేదాన్ని.

ఆయన తప్పని రాస్తే ఆయన చేతి లైసెన్సు జన్మలో మళ్ళీ ఇవ్వరు. ఆయనకు మిగిలింది ఆ ఒక్క స్టీరింగే.

"నువ్వు తీసింది కొమ్మ. బోర్డు మీద నమ్మకం తీసింది నేను. అదుంటే కొమ్మతో పనేంటి" అన్నాను. చెవిబిళ్ళ దాన్ని ఎలా చెప్పిందో, కొమ్మకు అర్థమేమిటని ఆయన అడిగాడు, మా అయ్య లెక్క చెప్పాను.

పత్రం నింపాను. స్టేషన్ ముందు ఎర్ర బోర్డు పదకొండు నెలలు అబద్ధపు కారణంతో ఉంచాను. అసలు కారణం, ఆగినవాళ్ళు నాతో మాట్లాడతారని. దానివల్ల ఈ రోడ్డు మీద ఎర్ర బోర్డుకు విలువ పోయింది. ప్రమాదం నాడు ఇరవై మూడో మలుపులో కాపలా ఉండాలని నిర్ణయించుకుని కూడా వెళ్ళలేదు. కారణం అదే. కొమ్మలు తీసినవారు రోడ్డుకు సాయం చేస్తున్నామనుకుని తీశారు, వారి తప్పు లేదు. తవుడమ్మ.

పంపాక స్పానరు తీసుకుని వెళ్ళాను. నాలుగు నట్లు. ఈసారి ఏ బండి చప్పుడుకూ ఆగలేదు. తీసిన గుర్తు: ఎర్ర బోర్డు ఒకటి. కారణం: ఇక్కడ అపాయం ఏదీ లేదు.

జూలై 17

యంత్రం వచ్చి మూడు రోజుల్లో ఇరవై మూడు కింద గోడ కట్టేసి పోయింది. అన్నాళ్ళూ మలుపులో నేనే నిలబడ్డాను, పొద్దున్నుంచి గేటు మూసేదాకా, చెయ్యెత్తి. ప్రతి బండీ ఆగింది. దారి పుస్తకంలో అయిమో కొత్తగా రాశాడట, ఈ ఘాట్‌లో ఎర్ర బోర్డు చెప్పేది నిజం, ఆగండి అని. ఆ కొరియా అమ్మాయి సోరా దాని కింద మొదటి ముద్ర వేసింది.

ఆఫీసు తీర్పు కూడా వచ్చింది. తప్పు రోడ్డుది కాదు, మనిషిదని నా రాతతోనే తేలింది కాబట్టి రోడ్డు మూయరు. నాయుడి కోతుల మాట విని ఉంటే ఈపాటికి బోర్డులన్నీ పీకేసి ఉండేవాళ్ళు. వేరే మనిషి దొరకరు కాబట్టి నన్నూ తీయరు. ఒకే ఒక్క ఉత్తర్వు: ముప్పై ఒకటో మలుపు స్టేషన్ ముందు ఏ సందర్శక వాహనమూ ఆగరాదు. ఆ మేరకు బోర్డు పెట్టవలెను.

నీలం గుండ్రం, ఎర్ర అంచు, మీద కత్తెరలా ఎర్ర గీతలు రెండు. నేనే గీశాను. రెండు పూతలు వేశాను, మెరుపు రంగు మీద వార్నిష్. మంచులో కూడా వంద అంగల నుంచి కనబడుతుంది. నా పనికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

నాయుడు ఫోన్ చేశాడు, బోర్డు సంగతి ఎత్తలేదు. "ఈయేల ఏటి వండినావప్పా?" అన్నాడు. చింతపండు చారని చెప్పాను.

పెట్టిన గుర్తు: ఆగరాదు బోర్డు ఒకటి. కారణం: ఉత్తర్వు.

జూలై 24

బండ్లు అయిదు. ఆగినవి లేవు. అలాగే ఉండాలి.

అయిమో పదిన్నరకు వచ్చాడు. ఆయన బోర్డు మాట జవదాటే మనిషి కాదు. స్టేషన్ దగ్గరికి రాగానే వేగం తగ్గించి, అద్దం దించి, పసుపు తాడున్న చెయ్యి బయటపెట్టి, "అప్పా" అన్నాడు. ఆగకుండానే వెళ్ళాడు. అరగంటకు దిగుతూ మళ్ళీ అలాగే. రోజూ ఇంతే, రెండుసార్లు, రెండు మాటలు. ఆయన వచ్చే వేళకు వరండాలో ఉంటాను. ఇప్పటికీ రెండు గ్లాసుల నీళ్ళే మరగబెడుతున్నాను. అలవాటు మానడం అంత తేలిక కాదు.

జూలై 31

వాన లేదు. బండ్లు రెండు.

అయిమో నెల అయిపోయింది. ఈరోజు ఎక్కినప్పుడు చెయ్యి ఊపాడు, మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం చెవిబిళ్ళ లేకుండా, తన నోటితోనే, "ఎల్లొత్తానప్పా" అన్నాడు. నాయుడు నేర్పి ఉంటాడు. పోతున్నాను అనకూడదని, వెళ్ళొస్తాననాలని కూడా చెప్పే ఉంటాడు. నేను కూడా మంచిది, వెళ్ళిరా అన్నాను. అప్పటికే బండి మలుపు తిరిగింది. విన్నాడో లేదో.

ఆయన పోయిన కాసేపటికి ఆగరాదు బోర్డు తుడుద్దామని గుడ్డ పట్టుకుని బయల్దేరాను. స్టేషన్‌కు పై వైపున, రోడ్డు మీద, పచ్చి నేరేడు కొమ్మ. దాని ముందు వరసగా రాళ్ళు. దిగే దారిలో వేసి వెళ్ళాడు. స్టేషన్ గుమ్మం నుంచి అంగలు వేసి చూశాను. ముప్పై. మా అయ్య లెక్క, ఆ రోజు వరండాలో నేను చెప్పింది: ముందు ఎవరో ఆగిపోయి ఉన్నారని.

నేను ఇంకా అక్కడ ఉండగానే పై నుంచి రెండో బండి వచ్చింది. కొమ్మను చూసి నెమ్మదించింది. ఎవరో నడివయసు ఆడమనిషి, ఒక్కతే, చేతికి పసుపు తాడు. అద్దం దించి నాకేసి చూసి, ముందుకు చూసి, మళ్ళీ నాకేసి చూసింది. ఆగిపోయిన బండి ఏదీ, సాయం కావాలా అని అడుగుతున్నట్టు కనుబొమలు ఎత్తింది. బ్రేకు మీద కాలు పెట్టే ఉంది. నేను తల ఊపితే చాలు, దిగేది.

చెయ్యెత్తి ముందుకు ఊపాను. పొమ్మన్నాను. ఆవిడ వెళ్ళింది.

తీసిన గుర్తులు: నేరేడు కొమ్మ ఒకటి, రాళ్ళు ఆరు. కారణం: ముందు ఆగిపోయిన బండి ఏదీ లేదు.

రాళ్ళు గట్టు మీద పెట్టాను. కొమ్మను మాత్రం లోపలికి తెచ్చి, రెండో గ్లాసు నీళ్ళు బకెట్లో పోసి అందులో నిలబెట్టాను.